విమానం ఆగినా ఇల్లు ఆగకూడదు

విదేశీ చదువులకు దరఖాస్తు పెట్టిన ఇళ్లలో జనవరి, ఫిబ్రవరి నెలలు ఈమెయిల్ కోసం ఎదురుచూపులతోనే గడుస్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో ఇప్పుడు అలాంటి ఇళ్లు తక్కువేం కాదు. ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌కి సీటు వస్తుందా రాదా అన్నది ఒక బెంగ. వచ్చాక విమానం ఎక్కనిస్తారా లేదా అన్నది ఇంకో బెంగ. మొదటిది పాతదే. రెండోదాన్ని కరోనా తెచ్చిపెట్టింది, ఒమిక్రాన్ మళ్లీ నిద్రలేపింది.

2021 చివర్లో, 2022 మొదట్లో ఏం జరిగిందో చూడండి. రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు డిసెంబర్ 15 నుంచి మొదలవుతాయని నవంబర్ 26న కేంద్రం ప్రకటించింది. వారం తిరక్కముందే, డిసెంబర్ 1న, ఆ నిర్ణయాన్ని వాయిదా వేసింది. తర్వాత జనవరి 31 దాకా ఉండవన్నారు. ఆ తర్వాత 2022 ఫిబ్రవరి 28 దాకా అన్నారు. ఎయిర్ బబుల్ ఒప్పందాలున్న దేశాలకు విమానాలు నడిచిన మాట నిజమే. కానీ ప్రభుత్వానికే నెల ముందు తేదీ చెప్పడం కష్టమైనప్పుడు, ఆగస్టు 10న మా అమ్మాయి ప్రయాణం అని మనం ఇప్పుడే ముహూర్తం పెట్టుకుని, ఇంటి లెక్కలన్నీ ఆ తేదీకి ముడిపెడితే ఎలా?

"పంపాలా, వద్దా?" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. నా అభిప్రాయం ఏమిటంటే, అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "మధ్యలో ఆగిపోతే ఏం చేస్తాం?" దీనికి ఇంట్లో అందరూ ఒప్పుకున్న జవాబు ఉంటే నిశ్చింతగా పంపండి. లేకపోతే, ఎంత మంచి యూనివర్సిటీలో సీటు వచ్చినా ఒక ఏడాది ఆగండి.

రెండేళ్లలో చూసింది ఇదీ

2020 మార్చి చివరి వారంలో మన దేశంలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఆ జులై 6న అమెరికా ఇమిగ్రేషన్ విభాగం ఒక ప్రకటన చేసింది. క్లాసులన్నీ ఆన్‌లైన్‌లో జరిగితే విదేశీ విద్యార్థులు దేశంలో ఉండటానికి వీల్లేదంది. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. 8 రోజుల్లో, జులై 14న, ఆ ప్రకటన వెనక్కి పోయింది. కానీ ఆ 8 రోజులూ ఇక్కడ ఎన్ని ఇళ్లలో అన్నం సయించి ఉండదో ఊహించుకోవచ్చు.

2021లో సెకండ్ వేవ్ వచ్చినప్పుడు ఒక్కో దేశం ఒక్కో రకంగా తలుపు మూసింది. అమెరికా మే 4 నుంచి మన దేశం నుంచి వచ్చేవారిపై ఆంక్షలు పెట్టింది. అయితే ఆగస్టు 1 తర్వాత క్లాసులు మొదలయ్యే విద్యార్థులకు మినహాయింపునిచ్చింది. బ్రిటన్ ఏప్రిల్ 23న మనల్ని రెడ్ లిస్టులో పెట్టి ఆగస్టు 8న తీసింది. ఆ మధ్యలో వెళ్లినవారు హోటల్ క్వారంటైన్‌కి ఒక్కరికి 1,750 పౌండ్లు కట్టాల్సి వచ్చింది. కెనడా ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబర్ 26 దాకా మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలను ఆపేసింది. మన పిల్లలు మాల్దీవులు, మెక్సికో, సెర్బియా లాంటి దేశాల్లో దిగి, అక్కడ కోవిడ్ పరీక్ష చేయించుకుని, చుట్టు తిరిగి చేరుకున్నారు. ఆస్ట్రేలియా 2020 మార్చిలో మూసిన తలుపును విద్యార్థులకు తెరిచింది 2021 డిసెంబర్ 15న. అంటే దాదాపు 21 నెలలు. చైనాలో ఎంబీబీఎస్ చదువుతూ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు 2022 మొదట్లోనూ ఇక్కడే ఉన్నారు.

ఒకే వైరస్, ఒకే ఏడాది. అయినా అమెరికా వెళ్లాల్సిన అమ్మాయికి ఒక నెల టెన్షన్, మెల్‌బోర్న్ వెళ్లాల్సిన అబ్బాయికి రెండేళ్ల నిరీక్షణ. అందులో వాళ్ల తెలివి లేదు, తప్పూ లేదు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. తలుపు తెరుచుకున్నప్పుడు కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నవారే ముందు కదిలారు. 2021 వేసవిలో ఆంక్షల మధ్యే మన దేశంలోని అమెరికా కాన్సులేట్లు 55 వేలకు పైగా విద్యార్థి వీసాలు ఇచ్చాయి.

సరిహద్దు రాత్రికి రాత్రి మూతపడటం అంటే ఏమిటో మన ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కర్లేదు. 2021 మేలో అలంపూర్ దగ్గరి పుల్లూరు టోల్‌ప్లాజా వద్ద, కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు వస్తున్న అంబులెన్సులను ఆపిన దృశ్యాలు అందరం చూశాం. హైకోర్టు కలగజేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. రోజూ బస్సులు తిరిగే రోడ్డు మీదే అలా జరిగినప్పుడు, సముద్రాలు దాటే ప్రయాణంలో జరగదని ఎవరు హామీ ఇస్తారు?

డబ్బును ఒకే తేదీకి కట్టకండి

ఆరోగ్యం పేజీలో డబ్బు గొడవ ఎందుకనుకోవద్దు. ఇలాంటి ఇళ్లలో బీపీ పెంచేది, నిద్ర చెడగొట్టేది చాలాసార్లు అదే.

బ్యాంకు విద్యా రుణంలో సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టే పని ఉండదు. కానీ డబ్బు విడుదలైన రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు మొదటి ఫీజు కింద 10 లక్షలు విడుదలై, వడ్డీ 10 శాతం అనుకుంటే, ఏడాదికి లక్ష రూపాయలు. పిల్లవాడు బోస్టన్‌లో కూర్చుని చదివినా, గద్వాలలో మేడ మీది గదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివినా ఆ లక్ష తప్పదు. కాబట్టి వీసా చేతికి రాకముందు డబ్బు విడుదల చేయించకండి. ప్రయాణం వాయిదా పడితే మంజూరైన రుణం ఎన్ని నెలలు చెల్లుతుందో బ్యాంకు మేనేజర్‌ని ఇప్పుడే అడగండి.

రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా నిధి మీద ఆశ పెట్టుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట, ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరిట గరిష్ఠంగా 20 లక్షలు ఇస్తున్నారు. అయితే సగం డబ్బు విద్యార్థి ఆ దేశంలో దిగినట్టు ల్యాండింగ్ పర్మిట్ లేదా ఐ-94 చూపించాకే వస్తుంది. మిగతా సగం మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన వారి దగ్గర ఐ-94 ఎక్కడి నుంచి వస్తుంది? ఫీజు మాత్రం కట్టేసి ఉంటారు. ఆ ఖాళీని ఎవరో ఒకరు వడ్డీకి తెచ్చి పూడ్చాలి.

సీటు ఖాయం చేసుకోవడానికి డిపాజిట్ కట్టేముందు యూనివర్సిటీని రెండు ప్రశ్నలు అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. రాలేకపోతే సీటును తర్వాతి సెమిస్టర్‌కి మార్చుకోవచ్చా? మార్చుకుంటే కట్టిన డబ్బు, ఇచ్చిన స్కాలర్‌షిప్ అలాగే ఉంటాయా? కన్సల్టెన్సీ వాళ్లు "అదంతా మేం చూసుకుంటాం" అంటారు. నోటి మాట మీద లక్షలు కట్టకండి. మార్చుకోగల టికెట్‌కి కొంత ఎక్కువైనా అదే కొనండి.

భూమి సంగతి కూడా చెప్పుకోవాలి. విత్తన పత్తి, వేరుశనగ పండే చేను తాకట్టు పెట్టి పంపే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. తాకట్టు పెట్టడం తప్పని నేను అనను. కానీ వీసా ముద్ర పడకముందే, తేదీ చూసుకుని చేను అమ్మడం మాత్రం తొందరపాటు. సెమిస్టర్ వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది. రోడ్డు పక్కన అమ్మేసిన రెండెకరాలు మళ్లీ ఆ ధరకు రావు.

హెల్త్ ఫైల్ ఇప్పుడే తెరవండి

పాస్‌పోర్టుకు ఎంత విలువ ఇస్తామో, ఈ రోజుల్లో ఆరోగ్య కాగితాలకూ అంత ఇవ్వాలి. 2021 నవంబర్ 8 నుంచి కొంతకాలం అమెరికా విమానం ఎక్కాలంటే రెండు డోసులు పూర్తయి 14 రోజులు దాటి ఉండాల్సి వచ్చింది. కోవిషీల్డ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ఫిబ్రవరిలో, కోవాగ్జిన్‌ను నవంబర్ 3న గుర్తించాయి. ఆ మధ్య నెలల్లో కోవాగ్జిన్ వేసుకున్న విద్యార్థులు పడ్డ ఆందోళన చిన్నది కాదు. కోవిషీల్డ్ వాళ్లకూ 84 రోజుల వ్యవధి అడ్డొచ్చింది. జూన్‌లో కేంద్రం విదేశీ విద్యార్థులకు దాన్ని 28 రోజులకు తగ్గించాక గానీ ఊపిరి తీసుకోలేదు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. ఉన్న సమయాన్ని వాడుకోండి.

అప్పట్లో కోవిన్‌లో సర్టిఫికెట్‌కి పాస్‌పోర్టు నంబరు జతచేయాల్సి వచ్చింది. ఏ కాగితంలోనైనా పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉందా చూడండి. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటుంది. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర బయటపడే తప్పు ఇదే.

కోవిడ్ టీకాతో పని అయిపోదు. చాలా అమెరికా యూనివర్సిటీలు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా రెండు డోసులు అడుగుతాయి. ఆ రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి. మెనింజైటిస్, ధనుర్వాతం, ఆటలమ్మ టీకాలు, క్షయ పరీక్ష కూడా అడిగే చోట్లున్నాయి. చిన్నప్పటి టీకాల కార్డు ఎన్ని ఇళ్లలో దొరుకుతుంది? దొరక్కపోతే రక్త పరీక్షతో యాంటీబాడీలు ఉన్నాయని చూపించవచ్చు, లేదా మళ్లీ వేయించుకోవచ్చు. ఇది జులైలో మొదలుపెట్టే పని కాదు. యూనివర్సిటీ పంపే ఫారం తీసుకుని మార్చిలోనే డాక్టర్‌ని కలవండి.

వాయిదా పడితే ఈ కాగితాలకూ గడువు తీరుతుందని మరవద్దు. బ్రిటన్ వీసాకు చేయించే క్షయ పరీక్ష సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది. కెనడా మెడికల్ పరీక్ష 12 నెలలు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోరు రెండేళ్లు. ఒక్కోదాని పక్కన గడువు తేదీ రాసి పెట్టుకోండి.

ప్రయాణానికి కొద్దిరోజుల ముందు కోవిడ్ సోకి తగ్గినా పరీక్షలో పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు గత 90 రోజుల్లోని పాజిటివ్ రిపోర్టు, కోలుకున్నట్టు డాక్టర్ లెటర్ ఉంటే 2022 మొదట్లో అమెరికా ప్రయాణానికి అనుమతించేది. కాబట్టి అప్పట్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, "మామూలు జలుబే" అని కిట్‌తో చూసి వదిలేయకుండా ఉండాల్సి వచ్చింది. వెళ్లాల్సిన పిల్లలకైతే ల్యాబ్ రిపోర్టు దాచాల్సి వచ్చింది.

పళ్లు, కళ్లు కూడా ఇక్కడే చూపించుకుని వెళ్లాలి. స్టూడెంట్ ఇన్సూరెన్స్‌ల్లో చాలావరకు పంటి వైద్యం ఉండదు. ఆస్తమా, థైరాయిడ్ లాంటివి ఉంటే మందు అసలు పేరుతో చీటీ రాయించండి. ఇక్కడి బ్రాండు పేరు అక్కడి ఫార్మసీలో పనికిరాదు. ఉన్న జబ్బును ఇన్సూరెన్స్ ఫారంలో దాచకండి. రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది.

ఎదురుచూసే పిల్లల్ని గమనించండి

అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 6 గంటల క్లాసంటే వేసవి కాలమానంలో మనకు తెల్లవారుజామున మూడున్నర. మెల్‌బోర్న్‌లో పొద్దున 9 గంటల క్లాసు అన్నా మనకు అదే మూడున్నర లేదా నాలుగున్నర. ఇలా ఏడాది గడిపిన పిల్లలకు పగలు నిద్ర, రాత్రి మెలకువ, తిండికి వేళ ఉండదు. స్నేహితులు ఉద్యోగాల్లో చేరిపోయారు. తాను మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. వీధిలోకి వెళ్తే ఒకటే మాట: "ఇంకా పోలేదా బిడ్డా?"

అడిగేవారికి అది పలకరింపు. వినేవాడికి రోజూ గుచ్చుకునే ముల్లు. అమ్మాయైతే దానికి ఇంకోటి తోడవుతుంది. "వీసా ఎట్లాగూ ఆగింది కదా, మంచి సంబంధం ఉంది" అని బంధువులు మొదలుపెడతారు. ఆగిన చదువును చదువులాగే చూడండి. ఖాళీగా ఉందని అందులో పెళ్లి పెట్టకండి. పెళ్లి వద్దని కాదు, అది ఆ అమ్మాయి అడిగితే మాట్లాడుకోవాల్సిన వేరే విషయం.

రెండు వారాలకు పైగా నిద్ర సరిగా లేకపోవడం, తిండి తగ్గడం, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోవడం, ఊరికే చిరాకు, "నా వల్ల మీకు ఖర్చు" అనే మాటలు కనిపిస్తే అది బద్ధకం కాదు. డాక్టర్‌కి చూపించండి. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం.

ఆగిన ఏడాదికి ఒక ఆకారం ఇవ్వండి. స్థానికంగా ఏదో ఒక ఉద్యోగం, చిన్నదైనా సరే. హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ అయినా, ఇక్కడి కాలేజీలో ల్యాబ్ పనైనా, నాన్న దుకాణం లెక్కలైనా. ఉదయం లేచి వెళ్లే చోటు ఒకటి ఉండాలి. వంట, బట్టలు ఉతుక్కోవడం, ఒంటరిగా ఆస్పత్రికి వెళ్లి చూపించుకోవడం, ఇవన్నీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు.

ఎంబీబీఎస్ అయితే మరోసారి ఆలోచించండి

వైద్య విద్య సంగతి వేరు. 2021 నవంబర్ 18న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాత చేరేవారికి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ సంస్థలో చేయాలి. కోర్సులో ఏ భాగమూ ఇక్కడ చేస్తే చెల్లదు. చైనా తలుపులు 2022 మొదట్లోనూ మూసే ఉన్నాయని గుర్తుంచుకుని, "మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో, తర్వాత చూద్దాం" అనే మాట నమ్మి సీటు తీసుకోకండి. మంచాన పడ్డ మనిషి దగ్గర నిలబడకుండా డాక్టర్ కావడం నియమాల ప్రకారమే కాదు, న్యాయంగా చూసినా కుదరదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మంజూరయ్యాయి. మన జిల్లాల్లోనే సీట్లు ఉన్నప్పుడు, నీట్ ఇంకోసారి రాయించడం గురించి ఇంట్లో మాట్లాడుకోండి.

అన్నిటికంటే కష్టమైన మాట

చాలా ఇళ్లు దాటవేసే విషయం ఒకటుంది. బిడ్డ అక్కడుండగా ఇక్కడ మీకే ఏదైనా అయితే? 2021 మేలో ఎంతోమంది పిల్లలు తల్లిదండ్రుల చివరి చూపు ఫోన్ స్క్రీన్ మీద చూశారు. వస్తే మళ్లీ వెళ్లనిస్తారో లేదో తెలియదు, రాకపోతే జన్మంతా బాధ. వలస అంటే ఏమిటో తెలిసిన పాలమూరు గడ్డ మనది. ముంబై, పుణెలకు పనికి వెళ్లిన కొడుకు కోసం కబురు పంపే తరాలు మన వెనక ఉన్నాయి. ఆ కబురు ఎవరు పంపాలి, ఏమని పంపాలి అని అప్పట్లో పెద్దలు ముందే అనుకునేవారు. మనమూ అనుకోవాలి.

పిల్లలు వెళ్లేముందే మీ బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఆరోగ్య బీమా తీసుకోండి, ఆరోగ్యశ్రీకి అర్హులైతే కార్డు సిద్ధంగా ఉంచుకోండి. జబ్బు చేస్తే మహబూబ్‌నగర్‌కా, కర్నూలుకా, హైదరాబాద్‌కా, ఎక్కడికి తీసుకెళ్లాలో, ఎవరు వెంట వెళ్లాలో ఒక మనిషిని అడిగి ఒప్పించండి. అత్యవసరంగా రానుపోను టికెట్‌కి సరిపోయే డబ్బు విడిగా ఉంచండి, దాన్ని ఇంకే పనికీ తీయకండి. "బిడ్డ భయపడుతుంది, చెప్పొద్దు" అనే అలవాటు మానుకోండి. నిజం చెబుతారన్న నమ్మకం ఉంటేనే వాళ్లు అక్కడ నిద్రపోగలరు. రావాలా వద్దా అన్నది నిజం తెలిసిన బిడ్డే తేల్చుకోవాలి. ఏది తేల్చుకున్నా తప్పు పట్టనని మీరు ఇప్పుడే మాటివ్వాలి.

"ఏడాది ఆగితే వెనకబడిపోడా?"

ఈ అనుమానం సహజమే. తోటివారు ముందు డిగ్రీ తీసుకుంటారు, ముందు సంపాదిస్తారు. కానీ ఉద్యోగ జీవితం 35 ఏళ్లది. అందులో ఒక ఏడాది ఆలస్యాన్ని పూడ్చుకోవచ్చు. ఒప్పందం లేని అప్పును, చెడిపోయిన ఆరోగ్యాన్ని పూడ్చుకోవడం దానికంటే చాలా కష్టం. అలాగని భయంతో తలుపు వేసుకోమనీ నేను అనను. కరోనా రెండేళ్లలోనూ వేలమంది మన పిల్లలు వెళ్లారు, చదివారు. సిద్ధపడి వెళ్లడం వేరు, తేదీ ముంచుకొచ్చిందని పరుగెత్తడం వేరు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కూర్చోండి. పిల్లలతో పాటు నానమ్మ, తాతలు కూడా. ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి. ఆగస్టులో వెళ్తే, జనవరికి జరిగితే, ఏడాది ఆగితే. ఒక్కో వరుస కింద ఎంత డబ్బు, ఏ కాగితం గడువు ఎప్పుడు తీరుతుంది, ఆ నెలలు ఎలా గడపాలి అన్నవి రాయండి. కింద ఇంకో గీత గీసి, ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేయాలో రాయండి. ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటే బీరువాలో పెట్టండి. వీసా స్లాట్ బుక్ చేసేముందు ఒకసారి, ఫీజు కట్టేముందు ఇంకోసారి తీసి చదవండి. మూడు వరుసల్లో ఏ ఒక్కటైనా ఖాళీగా ఉంటే, ఫీజు కట్టడం ఇంకో వారం ఆపండి.